కంటోన్మెంట్ పోతే భూమి వస్తుందా?

సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊసెత్తితే చాలు, పార్టీలతో నిమిత్తం లేకుండా అందరూ ఒకే పల్లవి అందుకుంటారు. తెల్లవాడు వెళ్లిపోయి ఎనిమిది దశాబ్దాలు కావస్తున్నా వాడి దండు మాత్రం నగరం నడిబొడ్డున అలాగే ఉందంటారు. నలభై చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు పదివేల ఎకరాలు, ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయంటారు. బోర్డును రద్దుచేసి ఆ ప్రాంతాన్ని జీహెచ్‌ఎంసీలో కలిపేస్తే రోడ్లు, ఫ్లైఓవర్లు, ఐటీ టవర్లు, పేదల ఇళ్లు వాటంతటవే లేచి వస్తాయంటారు. ఎన్నికల సభల్లో, టీవీ చర్చల్లో, రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో, చివరికి కాలనీ సంఘాల వినతిపత్రాల్లో కూడా ఇదే మాట. ఇందులో రెండు వేర్వేరు డిమాండ్లు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి అక్కడ ఉంటున్న ప్రజల పౌరహక్కులది, రెండోది సైన్యం ఆధీనంలోని భూమిది. మొదటిది నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. రెండోది ఆ న్యాయం చాటున నడుస్తున్న బేరం. పైగా ఆ పదివేల ఎకరాల లెక్కే తప్పు. బోయిన్‌పల్లి, కార్ఖానా, రసూల్‌పుర, బొల్లారం బజార్లు, వాటిలోని బస్తీలు, కాలనీలు అన్నీ ఆ పదివేలలోనే ఉన్నాయి. 2011 జనగణన నాటికే 2 లక్షల 17 వేల మందికి పైగా కాపురముంటున్న చోటును ఖాళీ జాగా అని ఎలా అంటారు?

ముందు ఆ భూమి కథ ఎక్కడ మొదలైందో చూడాలి. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాడు. తన కొలువులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాలను రద్దుచేసి కంపెనీ పటాలాలను పెట్టుకోవాలి, వాటి ఖర్చు తానే భరించాలి. ఆ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండుకు సికింద్రాబాద్ అని పేరు స్థిరపడింది. పాఠ్యపుస్తకాలు కథను ఇక్కడితో ఆపేస్తాయి. అసలు సంగతి 1800 అక్టోబరులో జరిగింది. ఏటా రొక్కం కట్టే బదులు, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలంటే అవే. థామస్ మన్రో కలెక్టరుగా వెళ్లి చేనుచేనూ కొలిపించి శిస్తు కట్టింది ఆ నేలకే. అరకొర వానల మీద బతికే రాయలసీమ రైతు గింజగింజా అమ్మి కట్టిన పన్నుతో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సిపాయిలకు జీతబత్తేలు అందాయి. ఆ తర్వాత బొల్లారం కేంద్రంగా పెరిగిన హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం బాకీల కింద 1853లో బీరార్ కూడా చేజారింది. కంటోన్మెంట్ భూమి మాదంటే మాదని రక్షణ శాఖ, రాష్ట్ర ప్రభుత్వం పాత దస్తావేజులు తిరగేస్తూ వాదులాడుకుంటున్నాయి. దాని ఖర్చు భరించింది మాత్రం కడప రైతు, బీరార్ పత్తి రైతు. ఆ రైతుల మునిమనవలు రేపు ఈ భూమికి వేలంపాట పెడితే పాల్గొనగలిగే స్థితిలో ఉన్నారా?

నగరం మధ్యలో సైన్యం వచ్చి కూర్చుందన్న మాట చరిత్రను తలకిందులు చేస్తుంది. సైన్యం దిగినప్పుడు అక్కడ నగరం లేదు. దండు వెంట సరుకులు అమ్మేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు, గుత్తేదారులు, లెక్కలు రాసేవాళ్లు వచ్చారు. మద్రాసు పటాలాలతో తమిళులు, ముదలియార్లు వచ్చారు. పార్సీలు, గుజరాతీలు, మార్వాడీలు దుకాణాలు తెరిచారు. జనరల్ బజార్, రెజిమెంటల్ బజార్ అలా పుట్టాయి. దండు ఉండబట్టే ఊరు వచ్చింది. అయితే ఆ ఊరిని ఎలా పెరగనిచ్చారన్నది వేరే సంగతి. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠీ రెసిడెన్సీ మీద దాడి జరిగాక తెల్లదొరలకు కంటిమీద కునుకు లేదు. ఆ తర్వాతి దశాబ్దంలో తిరుమలగిరిలో కందకాలతో, గోడలతో ఒక కోటలాంటి ఆవరణ కట్టుకున్నారు. తెల్ల సిపాయికి గాలి వెలుతురు ధారాళంగా ఆడే బ్యారక్, చుట్టూ మైదానం. అతనికి చాకిరీ చేసే దేశీయుడికి బజారు వెనక ఇరుకు గొంది. దోమలకు మాత్రం ఈ తేడా తెలియదు కాబట్టి మలేరియా ఇద్దరినీ పట్టుకుంది. ఆ మలేరియా దోమ కడుపులో పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది కూడా ఈ దండు పరిసరాల్లోనే, బేగంపేటలో. ఇవాళ తిరుమలగిరిలో విశాలమైన రోడ్డు, ఫర్లాంగుల కొద్దీ ప్రహరీ, దాని వెనక చెట్లు కనిపిస్తే, కొద్ది కిలోమీటర్ల అవతల రసూల్‌పురలో మనిషి మీద మనిషి పడే సందులు కనిపించడం ఈ వివక్ష కొనసాగింపే. ఇది వలస పాలన మిగిల్చిన అన్యాయమని ఎవరైనా అంటే నేను కాదనను. దాని పరిష్కారం ఆ మైదానాన్ని మరొక ధనికుడికి అమ్మడమేనా అన్నదే నా ప్రశ్న.

ఒకసారి వదిలిన భూమి ఏమైందో తెలుసుకోవడానికి ఊహాగానాలు అవసరం లేదు. ఆ ప్రయోగం ఇక్కడే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో సికింద్రాబాద్‌లోని జనసమ్మర్ద భాగాలను బ్రిటిష్ వాళ్లు తిరిగి నిజాం పాలనకు అప్పగించారు. 1945లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ ఏర్పడింది. 1950లో అది కార్పొరేషన్ అయింది. 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఆనాటి జేమ్స్ స్ట్రీట్ ఈనాటి ఎంజీ రోడ్. ప్యారడైజ్ నుంచి రాణిగంజ్ దాకా ఆ దారిలో నడిచి చూడండి. దుకాణం మీద దుకాణం, ఫుట్‌పాత్ మీద పార్కింగ్, పాతకాలపు వరండాల ముందు ఫ్లెక్సీలు. వ్యాపారం బ్రహ్మాండంగా సాగుతోంది, సందేహం లేదు. కానీ ఆ చుట్టుపక్కల పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికీ, పార్టీలు సభలు పెట్టుకోవడానికీ మిగిలిన పెద్ద మైదానాలేమిటి? పరేడ్ గ్రౌండ్స్, జింఖానా. రెండూ రక్షణ శాఖ వదలకుండా అట్టిపెట్టుకున్నవే. మునిసిపాలిటీ చేతికి వచ్చిన భాగంలో అలాంటి మైదానం ఒక్కటీ మిగల్లేదు, కొత్తగా పుట్టనూ లేదు. కంటోన్మెంట్‌ను కార్పొరేషన్‌లో కలిపితే పార్కులు వస్తాయని నమ్మేవాళ్లు ఎనభై ఏళ్ల ఈ అనుభవానికి ముందు సమాధానం చెప్పాలి.

ఇక మొదటి డిమాండ్ సంగతి. కంటోన్మెంట్ పౌరుడి బాధలు కల్పితాలు కావు. అతను ఎమ్మెల్యేకు ఓటేస్తాడు, ఎంపీకి ఓటేస్తాడు, తన వీధి దీపం సంగతి చూసేవాడిని మాత్రం ఎన్నుకోలేడు. బోర్డు అధ్యక్షుడు స్టేషన్ కమాండరైన ఆర్మీ బ్రిగేడియర్. ఎన్నికైనవాళ్లు పూర్తి బోర్డులో సైతం సగం మందే. ఆ సగానికైనా చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. ఐదేళ్ల గడువు ముగిశాక ఆరునెలల చొప్పున పొడిగించారు. ఆ తర్వాత పాలక మండలిని కుదించి ఒక నామినేటెడ్ సభ్యుడితో నడుపుతున్నారు. 2023 ఏప్రిల్ 30న పోలింగ్ అని ప్రకటించి మార్చిలోనే రద్దు చేశారు. బోర్డు ఖజానా మరీ అన్యాయం. సైనిక ఆస్తులకు ఆస్తి పన్ను వర్తించదు. దాని బదులు కేంద్రం ఇవ్వాల్సిన సర్వీసు చార్జీలు బకాయిలుగా పేరుకుపోతూ ఉంటాయి. 2017లో జీఎస్టీ రావడంతో బోర్డుకు స్థానికంగా వచ్చే ఆదాయాల్లోనూ కోత పడింది. తాగునీరు జలమండలి దగ్గర టోకున కొని పంచాలి. ఇల్లు కట్టుకోవాలంటే ఒక బాధ, ఇల్లు అమ్ముకోవాలంటే ఇంకో బాధ. పాత బంగళాల్లో ఉన్నవాళ్లకు అది తమ సొంతమో, లీజో, ఎప్పుడైనా ఖాళీ చేయమనే అనుమతి మీద ఉన్నదో తరాలుగా తేలదు. పెంకులు జారిపోతున్న కప్పు బాగుచేసుకోవడానికి డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇన్ని బాధలు పడ్డవాడు 'ఈ కంటోన్మెంట్ వద్దు' అంటే తప్పు పట్టడానికి నోరెలా వస్తుంది? అతను అడగాల్సిందే అడుగుతున్నాడు. అతని కోపాన్ని సైన్యం భూమి మీదికి మళ్లిస్తున్నవాళ్లతోనే నా పేచీ.

ఎందుకంటే, విలీనమైతే భూమి వస్తుందన్న మాట అబద్ధం. కేంద్రం ఏం చేయదలచుకుందో దాచిపెట్టలేదు. అప్పటికి దేశంలో ఉన్న 62 కంటోన్మెంట్లలో మొట్టమొదటగా హిమాచల్‌లోని ఖాస్‌యోల్‌ను 2023 ఏప్రిల్‌లో రద్దు చేశారు. అక్కడ ఏం జరిగింది? పౌరులుండే ప్రాంతం స్థానిక సంస్థలకు వెళ్లింది. సైన్యం ఉన్న ప్రాంతం ప్రత్యేక మిలిటరీ స్టేషన్‌గా మారింది. సైన్యం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గలేదు. 2024 మధ్యలో రక్షణ శాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పౌర సదుపాయాలకు సంబంధించిన ఆస్తులు, అంటే నీళ్ల ట్యాంకులు, బడులు, ఆసుపత్రులు, రోడ్లు మునిసిపాలిటీకి ఉచితంగా వెళతాయి. బోర్డు అప్పులూ బాధ్యతలూ వెంటే వెళతాయి. భూమి మీద కేంద్రానికి ఎక్కడెక్కడ యాజమాన్య హక్కు ఉందో అక్కడ అది కేంద్రానికే ఉంటుంది. విడదీసేటప్పుడు సైనిక దళాల భద్రతకే ప్రాధాన్యం. కాబట్టి విలీనం తర్వాత బంగళాలో ఉన్నవాడి పట్టా సమస్య అలాగే ఉంటుంది, పన్ను కట్టే కౌంటర్ మారుతుంది. మైదానాలు అలాగే ఉంటాయి, వాటి చుట్టూ గోడ ఇంకో నాలుగు అడుగులు లేస్తుంది.

గోడ అన్నది ఊరికే అన్న మాట కాదు. కంటోన్మెంట్ల చట్టం, 2006లో 258వ సెక్షన్ ఒకటుంది. ప్రజలు నడిచే వీధిని మూయాలంటే ఒక పద్ధతి పాటించాలని అది చెబుతుంది. సైనిక అధికారి తనకు తోచినప్పుడు గేటు వేసేయడం కుదరదు. ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) రోడ్ల మూసివేత మీద సఫిల్‌గూడ, మల్కాజిగిరి వైపు జనం ఏళ్ల తరబడి పోరాడినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఈ సెక్షనే. 2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని ఆదేశించినప్పుడు కూడా చర్చ ఈ నిబంధన చుట్టూనే తిరిగింది. తర్వాత మళ్లీ గేట్లు పడ్డాయి. 2022లో అసెంబ్లీలోనే సైన్యానికి నీళ్లు, కరెంటు ఆపేస్తామనేదాకా మాటలు వెళ్లాయి, అది వేరే కథ. అయినా చట్టం ఒకటి జనం పక్షాన ఉంది. ఆ ప్రాంతం కంటోన్మెంట్ పరిధి నుంచి తప్పుకుని మిలిటరీ స్టేషన్ అయిపోతే ఆ చట్టపు రక్షణ ఎక్కడ ఉంటుంది? కంటోన్మెంట్ రద్దయితే రోడ్లు తెరుచుకుంటాయని సంబరపడేవాళ్లు ఈ ప్రశ్న వేసుకున్నట్టు కనిపించదు. ఏ ఏ రోడ్ల మీద ప్రజల రాకపోకల హక్కు శాశ్వతమో విడదీసే ఉత్తర్వులోనే పేరుపేరునా రాయించుకోకపోతే, ఉన్నది కూడా ఊడుతుంది.

సరే, మిలిటరీ ఏదో ఒక రోజు వెళ్లిపోతుందనే అనుకుందాం. శిక్షణ కేంద్రాలు నగరం మధ్యలోనే ఉండాలన్న నియమమేమీ లేదు, యాభై కిలోమీటర్ల అవతల ఉన్నా పని జరుగుతుంది. అప్పుడు ఆ భూమి ఎవరికి వెళుతుంది? ఈ నగరం గత పదేళ్ల తీరు చూస్తే జవాబు తెలిసిపోతుంది. 2017లో బైసన్ పోలో మైదానం మీద, జింఖానా మీద ప్రభుత్వం కన్నేసింది. పేదల ఇళ్ల కోసం కాదు, ఆసుపత్రి కోసం కాదు, కొత్త సచివాలయం కోసం. జనం, క్రీడాకారులు, మాజీ సైనికులు అడ్డుపడ్డారు, కోర్టుల్లో కేసులు పడ్డాయి. చివరికి సచివాలయం పాత చోటే కట్టారు, 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. అంటే ఆ మైదానం అవసరమే లేకపోయింది! అవసరం లేని భూమిని అడిగారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. మరోవైపు కోకాపేటలో 2021లో దాదాపు 50 ఎకరాలు వేలం వేస్తే రెండు వేల కోట్లు వచ్చాయి. 2023 ఆగస్టులో అక్కడే ఒక ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర చూసిన ఏ ఆర్థిక మంత్రి అయినా మైదానం చూస్తే మైదానం చూడడు, బడ్జెట్ లోటు తీరే దారి చూస్తాడు. ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. ప్రభుత్వం మారాక 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్లాయి. ఆ భూమి గురించి చెప్పిన మాటా అదే, ఎవరికీ పనికిరాకుండా పడి ఉందని. నెమళ్లు, జింకలు పరుగులు తీస్తున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసే సరికి దాదాపు వంద ఎకరాల్లో చెట్లు నేలకూలాయి.

రక్షణ శాఖ చేతిలో ఉన్నంత మాత్రాన భద్రమనీ అనలేం. ముంబై కొలాబాలో ఆదర్శ్ సొసైటీ కథ మరిచిపోయే రకమైంది కాదు. సైనిక స్థావరాన్ని ఆనుకుని ఉన్న చోట, కార్గిల్ వీరుల కుటుంబాల పేరు చెప్పి 31 అంతస్తులు లేపారు. అందులో ఫ్లాట్లు దొరికినవాళ్లలో మాజీ సైనికాధికారులు, అధికారులు, రాజకీయ నాయకుల బంధువులు ఉన్నారు. 2010లో ఒక ముఖ్యమంత్రి పదవి పోయింది. ఆ కేసు నేర్పే పాఠం సైన్యం మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు. ఖరీదైన చోట యాజమాన్యం స్పష్టంగా లేని భూమి, యూనిఫాం పేరుతో అయినా, పేదల పేరుతో అయినా, పలుకుబడి ఉన్నవాడి చేతికే వెళుతుంది. అందుకే నేను సైన్యానికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. అధికారుల గోల్ఫ్ మైదానానికి నీళ్లు పారుతుంటే పక్క బస్తీలో బిందెల వరస కనిపించడం అసహ్యకరం. చెట్ల మొదళ్లకు గేరు, సున్నం పట్టీలు వేసినంత శ్రద్ధగా బయటి కాలువ పూడిక తీస్తే బాగుండేదని ఆ దారిన పోయే ఎవరికైనా అనిపిస్తుంది. సైన్యం చెట్లను కాపాడింది ప్రకృతి మీద ప్రేమతో కాదు. ఫైరింగ్ చేయడానికి, కవాతు చేయడానికి, ఎవడూ లోపలికి తొంగి చూడకుండా ఉండడానికి ఖాళీ కావాలి కాబట్టి ఖాళీ ఉంచింది. ఉద్దేశం ఏదైనా ఫలితం మనకు దక్కింది. వాన నీరు ఇంకే నేల, తారు కాగకుండా ఉండే ఎండాకాలపు మధ్యాహ్నం, హుస్సేన్‌సాగర్‌లో కలిసే పికెట్ నాలాకు ఎగువన కాస్త మట్టి. 2020 అక్టోబరు వరదల్లో ఏ నాలా పక్క ఏ కాలనీ మునిగిందో చూసినవాళ్లకు మట్టి విలువ విడమరిచి చెప్పనక్కరలేదు.

'అయితే ఏమంటావ్, గోడల వెనక చెట్లు చూస్తూ బతకాలా?' అని అడగవచ్చు. అక్కరలేదు. యాజమాన్యం ఒకరిదైనా వాడకం అందరిదీ కావచ్చు. కోల్‌కతా మైదాన్ సైన్యానిది. ఫోర్ట్ విలియం చుట్టూ శత్రువు కనపడాలని పద్దెనిమిదో శతాబ్దంలో అడవి కొట్టించి ఖాళీ చేసిన నేల అది. ఇవాళ అక్కడ కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడతారు, గొర్రెలు మేస్తాయి, ముసలివాళ్లు సాయంత్రం కూర్చుంటారు. యజమాని సైన్యం కాబట్టే రెండున్నర శతాబ్దాలు ఏ బిల్డరూ అందులో అడుగు పెట్టలేకపోయాడు. అంత దూరం కూడా పోనక్కరలేదు. బొల్లారంలో 1860లో కట్టిన పాత రెసిడెన్సీ, ఇప్పటి రాష్ట్రపతి నిలయం, తొంభై ఎకరాల తోట. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే తెరిచే ఆ గేటు 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనానికి తెరుచుకుంది. భూమి చేతులు మారలేదు, ఎవరూ ఏమీ కొనలేదు, ఒక్క ఉత్తర్వు సరిపోయింది. ఇక సైన్యం నిజంగానే ఖాళీ చేసి వెళ్లిపోయిన చోటుకు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఉదాహరణ ఉంది. 1994లో ప్రెసిడియో స్థావరం మూతపడినప్పుడు దాదాపు 1,500 ఎకరాలను జాతీయ ఉద్యానవనంలో కలిపారు. 1996లో ఒక ట్రస్టు పెట్టారు. పాత బ్యారక్‌లను, బంగళాలను అద్దెకివ్వచ్చు, నేలను అమ్మడానికి వీల్లేదు. 2013 కల్లా ఆ ట్రస్టు ప్రభుత్వం డబ్బు అడగకుండా తన కాళ్ల మీద తాను నిలబడింది. దీనికి సరిగ్గా ఎదురు దారి మనీలాలో ఫోర్ట్ బోనిఫాసియోది. సైన్యాన్ని ఆధునికీకరించడానికి డబ్బు కావాలని 1995లో 200 హెక్టార్లకు పైగా నేలను ప్రైవేటు కన్సార్టియంకు అప్పగించారు. అక్కడ ఇప్పుడు మెరిసే టవర్ల నగరం ఉంది. మన నాయకులు విదేశీ పర్యటనకు వెళితే ముచ్చటపడేది ఆ రెండోదాన్ని చూసే. పేదల ఇళ్ల మాట మాత్రం దాన్ని చూశాక మాట్లాడకూడదు.

పేదల ఇళ్లు అన్నది నిజంగా బరువైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా దాటేయలేను. నగరంలో ఇల్లు లేనివాడికి చెట్టు గొప్పదని చెప్పడం సిగ్గుమాలిన పని. కానీ కంటోన్మెంట్ లోపలే దశాబ్దాలుగా గుడిసెలు వేసుకుని, తర్వాత రేకులు, తర్వాత స్లాబ్ వేసుకుని బతుకుతున్న బస్తీలకు పట్టాలిప్పించడం ముందు పని కదా? అందుకు కొత్త భూమి అక్కరలేదు, వాళ్లు కూర్చున్న భూమే చాలు. కేంద్రం, రాష్ట్రం కూర్చుని ఆ కొద్ది ఎకరాల లెక్క తేల్చుకోవాలి. అది చేయనివాళ్లు ఖాళీ మైదానాలు చూపించి పేదల ఇళ్లు అంటున్నారంటే ఆ పేదవాడు జెండా మోయడానికే పనికొచ్చాడని అర్థం. ట్రాఫిక్ గురించి కూడా ఇంతే. రాజీవ్ రహదారి మీద, నాగపూర్ హైవే మీద ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ శాఖ 2024 మార్చిలో భూమి ఇవ్వడానికి ఒప్పుకుంది, శంకుస్థాపనలూ అయ్యాయి. రోడ్డుకు కావలసిన పట్టీ రోడ్డు కోసం తీసుకోవడంలో ఎవరికీ పేచీ లేదు, ఉండకూడదు. కంటోన్మెంట్ బోర్డు రద్దు కాకుండానే అది జరిగిందన్నది గమనించాలి. రోడ్డుకు వంద అడుగులు అడిగి, దాని పక్కన వెయ్యి అడుగులు కమర్షియల్ జోన్ చేయాలనుకోవడం దగ్గరే అసలు గొడవ.

కాబట్టి విలీనం జరగాలి, వీలైనంత త్వరగా జరగాలి. బోయిన్‌పల్లి పౌరుడికి జూబ్లీహిల్స్ పౌరుడికి ఉన్న ఓటు, నీళ్లు, పింఛను, బిల్డింగ్ పర్మిషన్ అన్నీ దక్కాలి. బోర్డుకు కేంద్రం బాకీపడ్డ సర్వీసు చార్జీలు చెల్లించాకే అప్పగింత జరగాలి, లేకపోతే కార్పొరేషన్ నెత్తిన పడేది అప్పుల మూట. సైన్యం ఇవాళ వాడుతున్న భూమినైనా, వాడకుండా అట్టిపెట్టుకున్న భూమినైనా, అది ఎప్పుడు వదిలినా అమ్మకానికీ తొంభై తొమ్మిదేళ్ల లీజుకూ వీల్లేకుండా చట్టం చేయాలి, ఆ చట్టం సైన్యం కదలక ముందే రావాలి. బైసన్ పోలో లాంటి మైదానాల గేట్లు ఉదయం సాయంత్రం బడిపిల్లలకు తెరవడానికి విలీనం దాకా ఆగనక్కరలేదు. 'ఇవన్నీ అడిగితే విలీనమే ఆగిపోతుంది, ముందు కలవనివ్వండి, తర్వాత చూసుకుందాం' అని కొందరు నాయకులు హితవు చెబుతున్నారు. తర్వాత చూసుకునేది వాళ్లు, మనం కాదు. విడదీసే ఉత్తర్వు ముసాయిదా బయటికి వచ్చిన రోజున సభల్లో ఉపన్యాసాలు చాలా ఉంటాయి. కంటోన్మెంట్ వాసులారా, ఆ ఉపన్యాసాలు వినేముందు ముసాయిదా చివర జతచేసే సర్వే నంబర్ల పట్టిక తెప్పించుకుని చదవండి. మీ వీధి అందులో ఏ గడిలో ఉందో, మీ మైదానం ఏ గడిలో ఉందో చూసుకోండి. అభ్యంతరాలకు ఇచ్చిన గడువు దాటకముందే రాతపూర్వకంగా పంపండి.